ఒక్క చుక్క నెత్తురు

దొడ్డిగోడ పక్కన గొంతుక్కూర్చుని ఎవరో కొత్త మనిషి నేలను చూస్తున్నాడు.

పోచవ్వ గబగబా అటు నడిచింది. తన పెనిమిటి ఎంకయ్య ఇందాక ఒంటికి పోయిన చోటు అది!

"ఏయ్, ఎవలు నువ్వు? ఏం జూస్తున్నవ్ ఆడ?"

"చీమలమ్మా. మస్తుగ పట్టినయ్," అతను తాపీగా లేచాడు. "ఈడ ఒంటికి పోయిందెవరు? జర పిలుస్తవా?"

సకల జనుల సమ్మెతో తాడ్వాయికి బస్సు వచ్చి పదిరోజులైంది. మరి ఈ మహానుభావుడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు? భుజాన ఆ సంచేమిటి?

ఎంకయ్య నీళ్ల చెంబుతో బయటికొచ్చాడు. ఈమధ్య ఎంత తాగినా అతనికి దూప తీరడం లేదు.

"తమ్మీ, వేలియ్యి. ఒక్క చుక్క నెత్తురు చాలు." కొత్త మనిషి సంచిలోంచి సూది తీశాడు.

"గంతేనా!" ఎంకయ్య నవ్వుతూ వేలు చాపాడు.

పోచవ్వ ఆ చేతిని ఒక్క దెబ్బతో పక్కకు కొట్టింది. ఉచ్చ పోసిన చోటు చూశాడు, ఇప్పుడు నెత్తురు! చేతబడికి ఇంకేం కావాలి?

"బాణామతి చేస్తుండు, ఉరికి రాండ్రి!"

వాడకట్టంతా కట్టెలతో వచ్చింది. అతను ఏదో చెప్పబోయాడు. వినేదెవరు? పొలిమేర దాకా తరిమారు.

ఐదోనాడు పొద్దున్నే ఎంకయ్య మూతి ఒక పక్కకు పోయింది. కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దయింది.

"చేసిపోయిండు! వాని చేతులిరిగిపోను!"

పోచవ్వ ఏడుస్తూ భర్తను ఆటోలో ఎల్లారెడ్డిలోని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయింది. నిమ్మకాయలు కోశారు, తాయెత్తు కట్టారు. రెండు రోజులు అక్కడే గడిచాయి. ఉన్న ఆ ముద్దమాట కూడా పోయింది.

మూడోనాడు కామారెడ్డి దవాఖానకు తెచ్చింది.

"షుగరు నాలుగొందలు దాటింది, ఉచ్చల గూడ పోతున్నది," అన్నాడు డాక్టరు. "నెత్తుర్ల చక్కెర ఏండ్లకేండ్లు ఎక్కువుంటే మెదడుకు నెత్తురు తీస్కపోయే నరాలు లోపల్లోపలే చెడిపోతయి, సన్నబడతయి. వాట్ల ఒకటి మూసుకపోయింది. అవ్వా, ఆ పొద్దే తెస్తే ఏమన్న చేసేటోళ్లం. ఇగ మాట వచ్చుడు కష్టం. ముందుగాల ఎవరూ నెత్తురు పరీక్ష చేస్తమనలేదా?"

పోచవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఒక పెద్దమనిషి వచ్చిండు సారూ. భుజాన సంచి, చేతిల సూది. నేనే ఎళ్లగొట్టించిన."

"నడుచుకుంట వచ్చిండా?"

"అవు. ఎవలు సారూ ఆయన?"

డాక్టరు కలం కింద పెట్టాడు.

"గీ రోగాన్ని ముందుగాల పట్టుకునుడు మాకందరికి నేర్పిన పెద్ద డాక్టరు అవ్వా, ముప్పై ఏండ్లు ఇదే దవాఖానల చేసిండు, అందరు నీ లెక్కనే ఆలస్యంగ వస్తుంటే చూడలేక, రిటైరైనంక ఆయనే నడుచుకుంట ఇల్లిల్లు తిరుగుతుండు."