వందన సమర్పణ

“కడుపునొప్పి టీచర్. ఆ వందన సమర్పణేదో ఇంకెవరికైనా ఇవ్వండి.”

బడి మొత్తం వాగుడుకాయ అని పిలిచే ఏడో తరగతి పిల్ల నోట ఆ మాట విని సైన్సు టీచరు పకపకా నవ్వింది. “పాఠం మధ్యలో కూడా ఆగని నోరు మైకు ముందు మూతపడుతుందా? మూడు వాక్యాలే కదే తల్లీ, చూసి చదివెయ్!”

చేసేది లేక చీటీ పట్టుకుని హాల్లో ఎడమవైపు వరుసలో కూలబడింది.

మత్తుమందుల గురించి చెప్పడానికి వచ్చినాయన వేదికెక్కాడు. మంచినీళ్ళు తాగబోయి సగం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆయనా నవ్వేశాడు.

“చూశారా, నీళ్ళు తాగడం కూడా కొత్తగా నేర్చుకుంటున్నాను.”

అంతే, పిల్లలు ఆయన వశమైపోయారు. ‘ఒక్కసారికేం కాదురా’ అన్న స్నేహితుడి దగ్గర మొదలుపెట్టి, ఉద్యోగం ఊడి, ఇంట్లో గోడగడియారం దాకా అమ్ముకున్న సంగతి దాచకుండా చెప్పాడు. కుడివైపు చూసి చెప్పాడు, ఎదురుగా చూసి చెప్పాడు. ఎడమవైపు మాత్రం తల తిప్పలేదు.

ప్రశ్నలు మొదలయ్యాయి.

“జుట్టు దానివల్లే ఊడిందా సార్?” అన్నాడు ముందు వరుస బొద్దబ్బాయి.

“కాదు నాయనా, అది మా తాతగారిచ్చిన ఆస్తి.”

మళ్ళీ నవ్వులు. వాగుడుకాయ నవ్వలేదు. చేతిలో చీటీ చెమటకి తడిసిపోయింది.

“మానేయడం కష్టమా సార్?” ఇంకో పాప అడిగింది.

“మొదటిరోజు కొండంత కష్టం. ఇవాళ్టికి మూడేళ్ళ రెండు నెలలు. అయినా పొద్దున్నే లేచి, ఈ ఒక్కరోజూ వద్దు అనుకుంటాను.”

“ఇవన్నీ అందరి ముందూ చెప్పడానికి సిగ్గేయదా?” వెనక నుంచి ఎవరో అరిచారు.



“నాకు పోయింది బాబూ. నా వాళ్ళకి ఉంటుంది. ఉండటంలో వాళ్ళ తప్పేం లేదు.”

టీచరు సైగ చేసింది. వాగుడుకాయ లేచి వేదికెక్కింది. చీటీ విప్పి చూసింది. సిరా అలుక్కుపోయి ఒక్క అక్షరం కనబడలేదు. చప్పట్ల మధ్య కూడా ఆయన నేలచూపులే చూస్తున్నాడు.

“దాచకుండా అన్నీ చెప్పినందుకు ధన్యవాదాలు,” అంది. కిందికి దిగిపోబోయి ఆగింది. మైకు దగ్గరికి లాక్కుంది. “ఇంకొక్క మాట.”

ఆయన ఉలిక్కిపడి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆ పిల్ల వింటేగా!

“ఈయన మా నాన్న.”