నీళ్ళ మీద మెరుపు

"ఆ కర్రలు పీకెయ్యవయ్యా, ఫొటోకి అడ్డం."

గట్టు మీద నుంచి జానకిరామ్ వేసిన కేకకి, గోదావరిలో మోకాల్లోతున నిలబడ్డ మనిషి తలెత్తి చూశాడు. ఏభై దాటినవాడు. చేతిలో వెదురు కర్ర, దాని కొసన ఎర్రగుడ్డ పీలిక. అలాంటివి అప్పటికే వరసగా పాతేసి ఉన్నాడు.

"పీక్కూడదండి. అవతల గొయ్యుందండి."

"గొయ్యా? పోయిన వేసవిలో ఇక్కడి నుంచే నది మధ్య లంకలోకి నడిచి వెళ్ళొచ్చాను. నాకు చెబుతున్నావా?"

"అది పోయిన వేసవండి. ఆ తరవాత ఇసుక తవ్వేశారండి."

రామచంద్రపురంలో పెళ్ళిఫొటోలు తీసి తీసి విసిగిపోయిన జానకిరామ్‌కి ప్రకృతి ఫొటోల పిచ్చి. అది ముదిరి ఈ ఏడు పోటీకి పంపేదాకా వచ్చింది. గడువు ఆ సాయంత్రంతో సరి. ఇంకా పొద్దెక్కలేదు, గాలి లేదు. నీళ్ళలో కొబ్బరిచెట్లు తలకిందులుగా నిలబడ్డాయి. ఫొటోలో నీళ్ళలో నడిచే మనిషి ఒకరు కావాలని బతిమాలి తెచ్చుకున్న భార్య హేమశ్రీ పసుపు చీరలో సిద్ధంగా ఉంది. ఎండ ముదిరిందంటే ఇదంతా పోతుంది. మధ్యలో ఈ ఎర్రగుడ్డల గోల ఒకటి.

ఆ మనిషి గట్టెక్కి వచ్చాడు. జానకిరామ్ లెన్స్ ముందు గాజుచక్రం ఒకటి బిగిస్తున్నాడు.

"అదేంటండీ?"

"పోలరైజర్. ఇటు తిప్పితే నీళ్ళ మీద మెరుపు పోతుంది. అటు తిప్పితే ఉంటుంది."

"మెరుపు పోతే అడుగు కనపడుద్దాండీ?"

"కనపడుతుంది."

అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"ఒక్కసారి చూడనివ్వండి బాబూ. గోతి అంచు జారిపోతందండి. ఎందాకా వచ్చిందో కాలితో తడుముకుని పాతుతున్నాను."

తడిచెయ్యి ట్రైపాడ్ మీద పడింది. జానకిరామ్ ఆ చేతిని తోసేశాడు. అతనికి అప్పుడు విషయం అర్థమైంది. కనీసం అర్థమైందనుకున్నాడు. దొంగ తవ్వకాలు కెమెరాలో పడతాయని వీడు అడ్డుపడుతున్నాడు.

"నువ్వు ఇసుక తవ్వి లారీలకెత్తే ర్యాంపు మనిషివి కదూ?"

అతను తల దించుకున్నాడు. కాదనలేదు.

"పోతావా, పోలీసులకి ఫోన్ చెయ్యనా?"

"పోతానండి. అమ్మగారిని మాత్రం కర్రలు దాటనివ్వకండి."

చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు దాటి వెళ్ళిపోయాడు. ఆపడానికి అక్కడ ఇంకెవరూ లేరు. గట్టు మీద టీకొట్టు కూడా ఇంకా తెరవలేదు.

జానకిరామ్ పంట్లాం మడిచి దిగి, కర్రలన్నీ పీకి ఒడ్డున పారేశాడు.

"చూశావా? కర్రల దాకా మోకాల్లోతే. గొయ్యంట, గొయ్యి."

"ఆయన అంతలా చెప్పారు కదండీ," అంది హేమశ్రీ.

"ఎండ ముదురుతోంది. నడువు."

నడిచింది. నీళ్ళు అద్దంలా మెరిసేలా చక్రం తిప్పుకున్నాడు. ఆకాశం, చెట్లు, మధ్యలో పసుపు చీర. నొక్కాడు.

"ఇంకొంచెం ముందుకి."

మళ్ళీ నొక్కాడు.

బాగా వచ్చినా సరే, రెండోవైపుకీ ఒకసారి తిప్పి చూసుకోవడం అతని అలవాటు. తిప్పాడు.

నీళ్ళ మీద మెరుపు చెరిగిపోయింది. అడుగున పసుప్పచ్చటి ఇసుక. ఇసుక మీద ఆమె పాదాలు. వాటి ముందు కత్తితో కోసినట్టు ఇసుక ఆగిపోయింది. దాని అవతలంతా నలుపే.

"హేమా, కదలకు."

"ఏంటండీ?" అంటూ ఆమె వెనక్కి తిరిగింది.

కాలి కింద ఇసుక జారింది. నడుము మునిగింది, మెడ మునిగింది, ఆపైన చేతులే కనిపించాయి.

జానకిరామ్ గట్టు ఎలా దిగాడో అతనికే తెలీదు. పారేసిన కర్రల్లో చేతికందింది లాక్కుని నీళ్ళలోకి చాచాడు. ఆమె వేళ్ళు రెండుసార్లు తప్పిపోయి, చివరికి ఆ ఎర్రగుడ్డని పట్టుకున్నాయి.

కేకలు విని, అప్పుడే కొట్టు తెరుస్తున్న టీకొట్టు లోవలక్ష్మి పొడిచీరతో పరుగెత్తుకొచ్చింది. వణుకుతున్న హేమశ్రీకి అది చుట్టబెట్టి వెన్ను నిమిరింది. అప్పుడు నీళ్ళకేసి చూసింది.

"కర్రలేవండీ? పల్లంరాజుగారేరి?"

జానకిరామ్ ఒడ్డున పడున్న కర్రలకేసి చూశాడు.

"నేనే పొమ్మన్నాను," అన్నాడు.

"అయ్యో, ఎంత పని చేశారండీ. పాపం, ప్రతి వారం సామర్లకోట నుంచి వచ్చి పాతి వెళ్తారండి. కొట్టుకుపోతే మళ్ళీ పాతుతారు. ఆ గుడ్డలు నా పాతచీరవేనండి."

జానకిరామ్ రోడ్డు మీదకి పరుగెత్తాడు. బస్సు మలుపు తిరుగుతోంది. కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్నది ఆ మనిషే. చెయ్యెత్తి అరిచాడు. బస్సు ఆగలేదు.

తిరిగొచ్చేసరికి లోవలక్ష్మి నీళ్ళలో దిగి, కాలితో తడుముకుంటూ కర్ర పాతుతోంది.

"మా బాబు పోయింది ఇక్కడేనండి," అంది తలెత్తకుండానే. "దసరా సెలవుల్లో ఈతకొచ్చాడు."

జానకిరామ్ తనూ నీళ్ళలోకి దిగి ఒక కర్ర అందించాడు.

"పల్లంరాజుగారు మీ వారాండీ?"

"కాదండి," అంది ఆమె, గుడ్డ ముడి బిగిస్తూ. "ఈ గొయ్యి తవ్విన పొక్లెయిన్ డ్రైవరండి."