మనిద్దరికే తెలిసిన మాట

"ఇది ప్రీతి రాసింది కాకపోతే నా పేరు మార్సుకుంటా!"

బీనా అరిచిన అరుపుకి, పుంగనూరులో బస్సెక్కిన పెద్దాయన ఉలిక్కిపడి దూరంగా ఉన్న సీటు చూసుకున్నాడు. పక్కనే కూర్చున్న ఫ్లారెన్సు మాత్రం కదల్లేదు. ఆమె ఒళ్ళో రెండు సంచులున్నాయి. ఒకటి తనది, ఒకటి బీనాది. మదనపల్లెలో బయల్దేరినప్పటి నుంచి బీనా చేతులు ఫోనుకే సరిపోతున్నాయి మరి.

"మళ్ళా సదివినావా?" అంది ఫ్లారెన్సు.

"తొమ్మిదో భాగం ఇంగోసారి సదివినా. ఒళ్ళు మండిపోతాండాది."

కథల యాప్‌లో వారం వారం వస్తున్న నవల అది. పేరు 'ఇద్దరు'. రాసేది ఎవరో మౌనిక. అది దొంగపేరని బీనా ఎప్పుడో తేల్చేసింది. నవల్లో ఇద్దరు నర్సింగ్ పిల్లలు, ఒకే హాస్టలు గది. ఒకర్నొకరు కడుపులో పెట్టుకుని చూసుకుంటారు, ఆ కడుపులోనే మంట కూడా. స్నేహితురాలు పరీక్ష తప్పిన రోజు రాణి అనే పిల్ల ఆమెను పట్టుకుని ఏడుస్తుంది. తర్వాత స్నానాల గదిలోకి పోయి పాట పాడుకుంటుంది.

ఆ రాణి తనేనని బీనాకు చదవగానే తెలిసిపోయింది. పాట కూడా అదే! ఆ సంగతి ప్రీతికి ఎట్లా తెలిసిందో అని వారం రోజులుగా కుదురు లేదు, నిద్ర లేదు.

"పేర్లు మారిస్తే కనుక్కోలేననుకునిందేమో. అలిగినోళ్ళని 'టమోటా రేటు పడిపాయనా' అని అడిగేది ఈ లోకంలో మేమిద్దరమే గదా! ఆ మాట గూడా రాసి పారేసింది."

మదనపల్లె మార్కెట్టులో టమోటా రేటు పడిన రోజు ఊరంతా మొహాలు వేలాడేసుకుని తిరుగుతుంది. అందుకని నర్సింగ్ హాస్టల్లో బీనా, ప్రీతిల్లో ఎవరు మూతి ముడుచుకున్నా రెండో ఆమె అడిగే మాట అది. ఎంత కోపంలో ఉన్నా నవ్వొచ్చేసేది.

"ఎల్లుండి దాని నిశ్చితార్థం గదా. ఇప్పుడు పోయి కొట్లాడతావా?" ఫ్లారెన్సు మెల్లగా అడిగింది.

"కొట్లాడేదే కాదు, తెంపేసుకుని వస్తా. నీకేం మే, హాయిగా ఉండావు. మూడేండ్లు మా రూములోనే ఉన్నా నిన్ను కథలో యాడా పెట్టలేదు."

ఫ్లారెన్సు కిటికీలోంచి బయటకు చూసింది. కొంతసేపటికి బీనా ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"దాన్ని ఇడిసిపెడితే నాకు ఇంగెవురుండారు మే?"

ఫ్లారెన్సు చేతిరుమాలు తీసి ఇచ్చింది. బీనా కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఫోను తెరిచింది.

కుప్పంలో ప్రీతి వాళ్ళ నాన్న వరదరాజులుకు కూరగాయల మండీ. ఇల్లు దాని వెనకే. ఇంటిముందు షామియానా వేస్తున్నారు. గడప దగ్గరే ప్రీతి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"రాండి రచయిత్రి గారూ! నా నిశ్చితార్థం గూడా రాసుకుని పోదామని వచ్చినారా?"

బీనా ఫోను ఎత్తి చూపించింది. "నేనా? రాసింది నువ్వు గదా!"

"నేను యాల రాస్తా? నా బండారం నేనే బయటేసుకునేదానికి నాకేమన్నా పిచ్చా? గిరీష్ నిన్ను చేసుకుంటానని నన్ను అడిగితే, నీకు వేరే సంబంధం కుదిరిందని అబద్ధం చెప్పినానే, అది నువ్వే గదా ఆరో భాగంలో పెట్టింది?"

"అది నిజమా? నేను కల్పితం అనుకుంటినే!"

ప్రీతి నాలుక కరుచుకుంది. అంతలోనే ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "అయితే నేను ఫెయిలైన పొద్దు నువ్వు పాట పాడింది..."

ఈసారి బీనా తల దించుకుంది.

షామియానా కుర్రాళ్ళు మేకులు కొడుతున్నారు. ఇద్దరూ చెరో గోడ చూస్తూ నిలబడ్డారు. ఇంకెవరైనా అయితే అక్కడితో అయిపోయేది. బీనా సంచి కోసం ఫ్లారెన్సు వైపు చెయ్యి చాచింది కూడా.

"ఏం మే," అంది ప్రీతి, "టమోటా రేటు పడిపాయనా?"

అంతే. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా చాలాసేపు ఊగిపోయారు. గిరీష్ పోతే పోయాడు, పరీక్ష పోతే పోయింది. ఇంత చెడ్డతనం తెలిసి కూడా వదల్లేని మనిషి మళ్ళీ దొరుకుతుందా? ప్రీతి తన ఫోను ఫ్లారెన్సు చేతిలో పెట్టింది. "మా ఇద్దరికీ ఒక ఫోటో తీయి మే."

రెండు సంచులూ మోచేతికి తగిలించుకునే ఫ్లారెన్సు ఫోటో తీసింది. బాగా వచ్చింది.

"అయితే ఇది రాసింది ఎవురబ్బా?" అంది బీనా.

"వార్డెను సుశీలమ్మేమో! తలుపుల కాడ చెవులు పెట్టేది గదా."

"ఆమెకి ఫోను ఎత్తేదే సరిగ్గా రాదు, నవల రాస్తాదా? మనిద్దరం తప్ప ఆడ ఇంగెవురుండిరి మే?"

ప్రీతి ఎంత ఆలోచించినా ఎవరూ గుర్తుకు రాలేదు. "అడిగేస్తే పోలా? ఆ మౌనికకే మెసేజీ పెట్టు."

బీనా యాప్ తెరిచి టైపు చేసింది: 'మా ఇద్దరి సంగతి ఇంత తెలిసిన నువ్వు ఎవరు?'

ప్రీతి ఒకసారి చదివి తల ఊపింది. బీనా పంపేసింది.

ఫ్లారెన్సు సంచిలో ఫోను టింగుమంది.