ఎంతమంది ఉంటారు?

"ఇప్పుడు ఫోన్ నంబర్ గడిలో ఏదైనా తప్పు రాయక్కా," అన్నాడు తమ్ముడు.

అక్క కళ్ళజోడు సర్దుకుని "నా వల్ల కాదు" అని రాసింది. గడి ఎర్రబడింది.

"భలే. పట్టేసింది."

"పాపం, దానికి ఒళ్ళు మండినట్టుందిరా."

మధ్యాహ్నపు ఎండ కిటికీ తెర గుండా వడగట్టుకుని వచ్చి టేబుల్ మీద పాలలా పరుచుకుంది. సరస్సు ఒడ్డున అద్దెకిచ్చే చిన్న ఇళ్ళ కోసం అతను తయారుచేస్తున్న వెబ్‌సైటు అది. సాయంత్రం యజమాని వచ్చి చూస్తాడు. అందులోని దరఖాస్తు గడులు తప్పుడు రాతను ఒప్పుకున్నా, సరైనదాన్ని కాదన్నా పని చేజారినట్టే. అందుకే అక్కను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అమ్మ పోయినప్పటి నుంచీ తనకు వండిపెట్టి, చదివించి, ఇప్పుడు తన పిల్లలకు జడలు కూడా వేస్తున్న మనిషి. ఆమె చేసే తప్పులు ఇంకెవరికీ తట్టవని అతని నమ్మకం. పొద్దున్నుంచీ లేని మనుషుల్ని పుట్టించి దరఖాస్తులు పంపుతూనే ఉంది: ఆరుగురు పిల్లల తండ్రి ఒకడు, చెవుడున్న సంగీతం మాస్టారొకరు.

వయసు గడిలో "వచ్చే నెలకి యాభై" అని రాసింది. అదీ ఎర్రబడింది.

"అంకెలే వెయ్యాలక్కా. ఇదిగో, కోడ్‌లో ఈ బ్రాకెట్లలో ఉన్నదే దాని కొలత. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు."

"రాసింది నిజమో కాదో దానికి తెలుస్తుందా?"

"తెలీదు. ఆకారం కుదిరితే చాలు."

"మనుషుల్లాగే అన్నమాట."

అతను నవ్వాడు. ఆమె చూపు పేజీ పైనున్న బొమ్మ మీదకి పోయింది. నీళ్ళ అంచున తెల్లని గది, తెరిచిన కిటికీ. వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు ఎక్కడో ఒడ్డును తాకే అలలా వినిపించింది.

"అక్కా, నిద్రపోతున్నావా?"

"లేదురా. రాస్తున్నా."

ఈసారి అన్నీ పద్ధతిగా రాసింది. పేరు, వయసు, ఫోను. ఒక్కో గడీ ఆకుపచ్చగా మారుతూ వచ్చింది. 'ఎంతమంది ఉంటారు?' అన్నచోట ఒకటి వేసింది. ఎర్రబడింది.

"ఇదేంట్రా, అంకే వేశాగా?"

అతను కోడ్ చూసి నాలుక కరుచుకున్నాడు. రెండు నుంచి తొమ్మిది దాకానే ఒప్పుకొమ్మని రాసింది తనే.

"ఒక్కరి కోసం ఇల్లెవరు తీసుకుంటారులే అనుకున్నా."

"తీసుకోకూడదా?"

"ఎందుకు తీసుకోకూడదు? కానీ తోచొద్దూ?"

"తోచకపోవడం ఎలా ఉంటుందో ఓసారి చూద్దామనుకునేవాళ్ళుంటారు."

"నీ ఊహే ఊహక్కా," అంటూ అతను కోడ్‌లో రెండును చెరిపి ఒకటి పెట్టాడు. "ఇప్పుడు నొక్కు."

ఆమె వేలు మీట మీద కాస్త ఆగింది. తర్వాత నొక్కింది. మీ దరఖాస్తు అందింది అని వచ్చింది.

"నువ్వు పట్టుకోకపోతే సాయంత్రం నా కొంప మునిగేది," అంటూ అతను ఒళ్ళు విరుచుకున్నాడు. "ఇక ఈ ఉత్తుత్తి దరఖాస్తులన్నీ చెరిపేసి యజమానికి అప్పజెప్పేస్తా."

ఆమె కళ్ళజోడు తీసి మడిచి పెట్టింది.

"చివరిది ఉంచరా, అది నాదే."