అదనపు పట్టీలు

"ఎవడ్రా నా బండి మీద రాసింది?"

ఘాట్ రోడ్డు పైన టీకొట్టు దగ్గర, తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టి డ్రైవరు ఒక్క ఉదుటున లేచాడు.

లారీ వెనక తలుపు మీద సుద్దముక్కతో రాసిన పెద్ద అంకె. ఇరవై ఏడు.

"నేనే బాబూ" అన్నాడు పక్కనే ఉన్న ముసలాయన. "పదహారు టన్నుల బండి. ఇరవై ఏడు మోస్తోంది."

లెక్క సరిగ్గా సరిపోయింది. అందుకే డ్రైవరుకు ఒళ్ళు మండింది. కంకర ఎత్తించిన ఓనరుకూ తనకూ తప్ప తెలియని సంగతి ఈ దారినపోయే దానయ్యకెలా తెలిసింది?

"పెద్ద కాటా వేసినట్టు చెప్తున్నావే! బండి ఎక్కడన్నా కుంగిందా, చూడు."

"ఎందుకు కుంగుతుంది? అడుగున అదనపు పట్టీలు బిగించారుగా."

బరువు ఎక్కువైతే కిందికి వంగి, ఇక చాలు బాబో అని చెప్పేవి చక్రాల మీదుండే ఇనుప పట్టీలు. వాటికి ఇంకో నాలుగు కలిపి బిగిస్తే బండి వంగదు, నిజం చెప్పదు. బ్రేకులు మాత్రం పాతవే. ఈ పాడు తెలివికి రోడ్ల మీద ఎంతమంది పోయారో ఓనర్లకు అక్కర్లేదు. వాళ్ళేమన్నా లారీ ఎక్కుతారా, లారీ కింద పడతారా!

"దిగుడులో ఆగదు బాబూ. సగం ఇక్కడ దించేసి వెళ్ళు."

"నీ సలహా నీ దగ్గరే పెట్టుకో. నాలుగింటికి కింద మిల్లులో మా ఆవిడ షిఫ్టు దిగుతుంది. ఎక్కించుకుని పోవాలి."

"నాలుగింటికా?"

ముసలాయన ముఖం పాలిపోయింది. గబగబా బండి ముందుకెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

డ్రైవరు ఆయన్ని రెక్క పట్టి లాగి ఒక్క తోపు తోశాడు. ముసలాయన రోడ్డు పక్క రాళ్ళలో పడ్డాడు.

"ఇలాంటి పిచ్చోళ్ళందరూ నాకే తగులుతారు" అని తిట్టుకుంటూ బండి తీశాడు.

మూడో మలుపులో బ్రేకు తొక్కితే వేగం కాస్త తగ్గింది. నాలుగో మలుపులో కాలిన వాసన వచ్చింది. ఆ తర్వాత తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే. గేరు కూడా మాట వినలేదు.

కింద మిల్లు కనిపిస్తోంది. నాలుగు దాటి రెండు నిమిషాలైంది. ఈపాటికి రెండొందలమంది ఆడవాళ్ళు రోడ్డు దాటుతుంటారు. వాళ్ళలో తన మనిషి కూడా.

హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు. గొంతు పోయేలా అరిచాడు.

తీరా చూస్తే రోడ్డు మీద పురుగు కూడా లేదు.

లారీ మిల్లు దాటి దూసుకుపోయి, అవతలి మట్టికట్టలో కూరుకుపోయి ఆగింది.

అప్పటిదాకా మూసి ఉన్న మిల్లు గేటు తెరుచుకుంది. భార్య పరుగున వచ్చింది. కిందికి దిగిన మొగుడి చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది.

"గేటు... ఎవరు మూయించారు?"

"పైనుంచి పెద్దాయన వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు. ఇరవై ఏడు టన్నుల బండి వస్తోంది, ఒక్కరిని కూడా బయటికి వదలొద్దన్నాడు. ఏడేళ్ళుగా ఆయనకిదే పని. ఇవాళ మాత్రం ఎందుకో మాటమాటకీ ఆయాసపడ్డాడట."

డ్రైవరు తల దించుకున్నాడు.

"నేనే తోసేశాను" అన్నాడు. "ఎవరాయన? ఆఫీసరా?"

"నీ మొహం, ఆఫీసరట!" భార్య కళ్ళు తుడుచుకుంది. "బండ్లకి అదనపు పట్టీలు బిగించడం ఇక్కడ మొదలుపెట్టిన మేస్త్రీ ఆయనే. మొట్టమొదట బిగించింది సొంత కొడుకు బండికి; అది వచ్చి ఆగింది ఈ గేటు ముందు, షిఫ్టు దిగి వస్తున్న కోడలి మీద."