కింది ఇంటి కర్ర

టక్!

శాహినాజ్ వయొలిన్ మీద కమాను ఆపింది. కింది ఇంట్లోంచి ఎవరో పైకప్పును కర్రతో మళ్లీ పొడిచారు.

అలెగ్జాండ్రియాలో ట్రాం పట్టాల పక్కన పాత భవనం అది. మూడో అంతస్తులో శాహినాజ్, రెండో అంతస్తులో ఆ కర్ర.

ఆమె బడిలో లెక్కల టీచర్. ముప్పై తొమ్మిదో ఏట వయొలిన్ పట్టింది. గురువు లేడు. ఒక ఫ్రెంచి పుస్తకం, ఫోన్లో వీడియోలు, చేతిలో స్కేలు, అంతే.

వయొలిన్‌ను అత్తారీన్ వీధిలో పాత సామాన్ల దుకాణంలో కొంది. తీగలు బిగించే బిరడాల్లో మూడు నల్లవి, నాలుగోది నారింజ కొయ్యది. వేళ్లు ఆడే నల్ల పలక మీద ఒకచోట చిన్న గుంట.

"ఇది లోపం కదూ?" అని అడిగింది కొన్నప్పుడు.

"పాతది కదమ్మా, అరిగి ఉంటుంది," అన్నాడు దుకాణదారు.

పుస్తకంలో కొలత చూసి, పలక మీద స్వరాల చోట్లకు సన్నటి టేపు ముక్కలు అంటించింది. వేలు పెట్టకుండా పలికేది మొదటి స్వరం; రెండో స్వరానికి వేసిన మొదటి టేపు ఆ గుంటను కాస్త దాటి పడింది. గుంటదే తప్పు, లెక్కల టీచర్ కొలత తప్పుతుందా మరి!

నెల తిరిగితే సంగీత సంస్థలో సాయంత్రం తరగతులకు ప్రవేశ పరీక్ష. నలభై దాటినవాళ్లను చేర్చుకోరు. వచ్చే ఏడాదికి తనకు నలభై దాటుతాయి, ఇదే ఆఖరి అవకాశం. బయాతీ అనే అరబ్బీ రాగం వాయించాలి.

ఆ రాగం ఎత్తుకుని రెండో స్వరం మీద వేలు పెట్టగానే కింద టక్!

వారం ఓర్చుకుని, వాచ్‌మన్ సాబిర్‌ను పిలిచింది.

"పట్టపగలు వాయించుకున్నా తప్పేనా సాబిర్? ట్రాం మోతకు లేవని కర్ర నా వయొలిన్‌కే లేస్తుందేం?"

"ముసలాయన టీచరమ్మా. కూతురింటికి కొత్తగా వచ్చాడు. జబ్బు మనిషి."

"జబ్బయితే పడుకోవాలి, కప్పు పొడవడమేంటి? వెళ్లి చెప్పు. లేకపోతే భవనం కమిటీకి రాస్తా."

"వద్దొద్దు, నేను చెబుతాగా."

మర్నాటి నుంచి చప్పుడు లేదు. శాహినాజ్ హాయిగా సాధన చేసుకుంది. నిజం చెప్పాలంటే, గెలిచానని కాస్త పొంగిపోయింది కూడా.

పరీక్షలో ఆమె రెండు వరసలు వాయించిందో లేదో, పరీక్షకుల్లో ఒక పెద్దాయన ఆపమని చెయ్యెత్తాడు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?"

"నాకు నేనే, సార్."

"చెయ్యి బాగుంది. కానీ బయాతీలో రెండో స్వరం ఇది కాదు. ఇంకాస్త కిందుంటుంది. కొలిస్తే దొరకదు. పక్కనుండి ఎవరో ఒకరు 'కాదు, కాదు' అంటూ ఉండాలి. నీకలా చెప్పేవాళ్లే లేకపోయారా?"

"లేరండీ," అంది.

పరీక్ష తప్పి, ఏడుపు దిగమింగుకుని ట్రాం దిగేసరికి, భవనం ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. సాబిర్ చక్కెర లేని కాఫీ అందిస్తున్నాడు.

"కింది ముసలాయన పొద్దున పోయాడు టీచరమ్మా."

పరామర్శకు వెళ్లింది. కూతురు ఇనాస్ ఎదురొచ్చింది.

"ఆయన మిగిలిన ఆయుష్షు నీకు కలవాలి," అని అక్కడి వాడుక ప్రకారం పరామర్శించింది శాహినాజ్. "పాపం, చప్పుడు పడేది కాదేమో ఆయనకు."

"పడకపోవడమా! మీరు మొదలెడితే చాలు, మంచం కిటికీ దగ్గరికి జరపమని సైగ చేసేవారు. మొదటిరోజు వినగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పక్షవాతంతో మాటా, కుడిచెయ్యీ పడిపోయాయి కదా, ఎడమచేత్తో కర్ర పట్టుకుని కాచుకునేవారు. పాటలో ఎప్పుడూ ఆ ఒక్కచోటే కొట్టేవారు. ఎందుకో మాకు తెలిసేది కాదు. మీరు కబురు పెట్టాక కర్ర దాచేశాను. రెండ్రోజులు తిండి ముట్టలేదు."

శాహినాజ్ తాగబోతున్న కాఫీ ఆపింది. "ఆయన ఏం చేసేవారు?"

"ముప్పయ్యేళ్లు పెళ్లిళ్లలో వయొలిన్ వాయించారు. చెయ్యి పడ్డాక దాన్ని చూసి చూసి ఏడుస్తుంటే, నేనే అత్తారీన్‌లో అమ్మేశాను. బిరడా విరిగితే నారింజ కొయ్యతో సొంతంగా చెక్కుకున్నారు దానికి..."

శాహినాజ్ కాఫీ కప్పు అక్కడే పెట్టేసి పైకి పరుగెత్తింది.

మొదటి టేపు ఊడబీకింది. ఆ పాత గుంటలో వేలు పెట్టి, మెల్లగా కమాను లాగింది.

రెండో స్వరం పలికింది.

గురువు లేడనుకుని వాయించిన ఇన్నాళ్లూ, ఆ గుంటను తన వేలితో అరగదీసిన మనిషే కింద నుంచి 'అక్కడ కాదమ్మా, ఇక్కడ' అని చెబుతూ వచ్చాడు.