చలికాలంలో ఫ్యాను

మీ అందరికీ ముందే తెలుసు. అత్తయ్యా, మీకు తెలుసు. బావగారూ, మీకూ తెలుసు. తెలిసే నన్నూ నా కూతుర్నీ చుట్టపుచూపుగా పిలిచారు.

వణికించే చలిలో ఫ్యాను గరగరా తిరుగుతుంటే ఆపబోయాను. "ఆపకమ్మా, ఆ చప్పుడు లేకపోతే మాకు నిద్ర పట్టదు," అన్నారు అత్తయ్య. "మా అమ్మ గురక వినలేక పెట్టుకున్నాంలే," అని బావగారు నవ్వారు. వెర్రిదాన్ని, నేనూ నవ్వాను.

అర్ధరాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలో, మీరు ఎప్పుడూ తాళం వేసి ఉంచే పక్కగదిలోంచి నా కూతురు పిలిచింది.

"ఇక్కడ చీకటిగా ఉంది. తలుపు తియ్యవే అమ్మా."

నా కూతురు నా పక్కలోనే ఉంది. తడిమి చూశాను, ఉంది.

"పలక్కు," అన్నారు అత్తయ్య చీకట్లోంచి. అంటే మీరెవరూ నిద్రపోలేదన్నమాట. "ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ బిడ్డ గొంతుతోనే పిలుస్తుంది. పలక్కపోతే తెల్లారేసరికి అదే ఊరుకుంటుంది."

పిల్లను దగ్గరికి లాక్కున్నాను. నా కూతురు నిద్రలో మంచమంతా తిరిగి, నా పొట్టమీద కాళ్ళు పారేసే పిల్ల. ఇది కర్రలా వెల్లకిలా పడుకుని ఉంది. మొహం నిమిరితే రెప్పలు తెరిచే ఉన్నాయి.

"అవునమ్మా, పలకొద్దు," అంది.

గోడ అవతల ఏడుపు సన్నగిల్లిపోతోంది. మీ భయాన్నీ పరువునూ మీ దగ్గరే పెట్టుకోండి. తాళంచెవి ఇటివ్వండి. ఇవ్వలేకపోతే తలుపుకి అడ్డం తప్పుకోండి. నేనే పగలగొడతాను.